ముందు గ్రూపు, తర్వాతే జీరో

కొత్తగా రైఫిల్ పట్టినవాళ్ళలో చాలామంది ఒకే పని చేస్తారు. మొదటి షాట్ కొట్టగానే టార్గెట్ వైపు చూస్తారు. కుడికి పోయిందనిపిస్తే సైట్ నాబ్‌ను ఎడమకు తిప్పుతారు. రెండోది కిందికి దిగితే పైకి తిప్పుతారు. పది షాట్లు అయ్యేసరికి కాగితమంతా చిల్లులు పడతాయి. సైట్ మొదట ఎక్కడుందో, ఇప్పుడెక్కడుందో కొట్టినవారికే తెలియదు. అప్పుడు కోచ్ ఒకటే మాట చెబుతారు: "సైట్ ముట్టుకోకు. ఐదు షాట్లూ ఒకే చోట గురిపెట్టి కొట్టు. అవి ఎక్కడ పడ్డాయన్నది తర్వాత చూద్దాం." ఎన్‌సీసీలో ఫైరింగ్ చేసినవాళ్ళకు ఈ పాఠం తెలిసే ఉంటుంది. రేంజ్‌లో ముందు నేర్పేది గ్రూపింగే.

గ్రూపు అంటే మీ షాట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నది. జీరో అంటే ఆ గుంపు నడిబొడ్డును టార్గెట్ నడిబొడ్డు మీదికి తేవడం. ఈ రెండిటి వరుస తారుమారు చేయకూడదన్నదే ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది. ముందు నిలకడ, ఆ తర్వాత దిద్దుబాటు. రైఫిల్ పట్టేవారికి ఇది మొదటి సూత్రం. ఏ దీర్ఘకాలిక లక్ష్యం పెట్టుకున్నవారికైనా ఇది వర్తిస్తుందని నా గట్టి నమ్మకం.

దూరం ఏ తప్పునూ దాచదు

రైఫిల్ గురిలోని తేడాను కోణంతో కొలుస్తారు. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నిమిషం. గురి ఒక్క నిమిషం తప్పితే 50 మీటర్ల దగ్గర బుల్లెట్ దాదాపు 1.45 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 300 మీటర్ల దగ్గర అది 8.7 సెంటీమీటర్లు. 1000 గజాల దగ్గర 26 సెంటీమీటర్లు దాటుతుంది. చేతిలో జరిగిన తప్పు అంతే ఉంది. దూరం దాన్ని పెంచి చూపించింది.

ఇప్పుడు టార్గెట్ల కొలతలు చూడండి. 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. 300 మీటర్ల పోటీలో అది 10 సెంటీమీటర్లు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అయితే పది అనేది అర మిల్లీమీటరు చుక్క. ఇంత చిన్న చోటులో పదే పదే కొట్టాలంటే అదృష్టం సరిపోదు.

దూరం పెరిగేకొద్దీ కోణం ఒక్కటే కాదు, కాలమూ పరీక్ష పెడుతుంది. పోటీల్లో వాడే పాయింట్ 22 బుల్లెట్ 50 మీటర్లు చేరడానికి సెకనులో ఆరో వంతు కాలం చాలు. 1000 గజాల పోటీలో బుల్లెట్ ఒకటిన్నర సెకన్ల దాకా గాలిలోనే ఉంటుంది. అంతసేపూ భూమి దాన్ని కిందికి లాగుతుంది, గాలి పక్కకు నెడుతుంది. ఒక తూటాకూ ఇంకో తూటాకూ వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే 1000 గజాల దగ్గర ఎత్తులో సుమారు 20 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 50 మీటర్ల దగ్గర అదే తేడా కంటికి ఆనదు.

పదేళ్ళ లక్ష్యం పెట్టుకున్నవారు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. లక్ష్యం దగ్గరిదైతే చిన్న చిన్న అజాగ్రత్తలు చెల్లిపోతాయి. రేపటి పరీక్షను ఒక రాత్రి మేలుకొని గట్టెక్కవచ్చు. లక్ష్యం దూరమైతే రోజువారీ అలవాటులోని చిన్న లోపం కూడా చివరికి పెద్ద దూరమై తేలుతుంది.

ప్రతి షాట్‌కూ దిద్దితే ఏమవుతుంది

ఒక్కో షాట్ చూసి సైట్ తిప్పడం తప్పని కోచ్‌లు అనుభవంతో చెబుతారు. లెక్క కూడా అదే చెబుతుంది. అమెరికన్ గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ తన శిక్షణ తరగతుల్లో ఒక ప్రయోగం చేయించేవారు. బల్ల మీద ఒక గుర్తు పెట్టి, దానికి పైన గరాటు అమర్చి, అందులోంచి గోళీలు వదలాలి. గరాటును కదపకుండా వదిలితే గోళీలు గుర్తు చుట్టూ కొంత మేర చెదురుతాయి. గోళీ ఎటు తప్పితే గరాటును అంత మేర అవతలికి జరుపుతూ పోతే చెదురు తగ్గదు సరికదా, పెరుగుతుంది. లెక్క ప్రకారం విస్తృతి (వేరియన్స్) రెట్టింపవుతుంది. అంటే గుంపు వెడల్పు 40 శాతం పైగా పెరుగుతుంది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. ఎంత మంచి రైఫిల్‌కైనా, ఎంత మంచి షూటర్‌కైనా సహజమైన చెదురు కొంత ఉంటుంది. ఈ షాట్ రెండు మిల్లీమీటర్లు కుడికి పోయిందంటే తర్వాతిదీ కుడికే పోతుందని కాదు. దాన్ని దిద్దబోయి సైట్ ఎడమకు జరిపితే, రాబోయే షాట్‌కు దాని సొంత చెదురుతో పాటు పోయిన షాట్ తప్పును కూడా అంటగట్టినట్టే.

అందుకే రేంజ్‌లో కనీసం ఐదు షాట్లు, వీలైతే పది, ఏమీ మార్చకుండా కొట్టాలి. మూడు షాట్లు అనుకోకుండా ఒకే చోట పడవచ్చు, వాటిని నమ్మకండి. తర్వాత గుంపును చూడండి. ఐదు షాట్లూ రెండు సెంటీమీటర్ల లోపు కుదిరి, మొత్తం గుంపు మూడు సెంటీమీటర్లు ఎడమకు దిగి ఉంటే నిరాశపడకండి. అది మంచి వార్త. సైట్‌ను కొన్ని క్లిక్కులు తిప్పితే గుంపంతా మధ్యకు వస్తుంది. షాట్లు ఎనిమిది సెంటీమీటర్ల మేర చెదిరి, వాటి సగటు మాత్రం సరిగ్గా మధ్యలో ఉంటే సంతోషించకండి. అక్కడ తిప్పడానికి ఏ నాబూ లేదు. మారాల్సింది షూటర్ పద్ధతి.

మాక్ టెస్టులు రాసే విద్యార్థులు ఈ సూత్రాన్ని రోజూ తెలియక ఉల్లంఘిస్తారు. సోమవారం మార్కులు తగ్గాయని పుస్తకం మారుస్తారు, గురువారం తగ్గాయని కోచింగ్ మారుస్తారు, ఆదివారం ఎవరో చెప్పారని చదివే వేళలు మారుస్తారు. నెల తర్వాత వాళ్ళ దగ్గర నాలుగు పద్ధతులు ఉంటాయి, ఏది పనిచేసిందో చెప్పే ఆధారం మాత్రం ఒక్కటీ ఉండదు. ఒకే పద్ధతిలో ఐదు టెస్టులు రాసి, ఐదింటినీ కలిపి చూస్తే అసలు బలహీనత ఏదో బయటపడుతుంది.

గ్రూపును దగ్గర చేసే ఐదు పనులు

నిలకడ గాలిలోంచి రాదు. ప్రతి షాట్‌కూ అవే పనులు అదే వరుసలో చేస్తేనే వస్తుంది.

ఒకటి, శరీరం నిలిచే తీరు. బోర్లా పడుకుని కొట్టే ప్రోన్ పొజిషన్‌లో రైఫిల్ బరువు ఎముకల మీద, స్లింగ్ మీద ఉండాలి. కండరం అలసిపోతుంది, వణుకుతుంది. ఎముక వణకదు. స్లింగ్ చేతి రక్తనాళం మీద బిగుసుకుంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా సైట్ ఎగురుతుంది. స్లింగ్‌ను కాస్త పైకో కిందికో జరిపితే ఆ ఎగురుడు చాలావరకు తగ్గుతుంది.

రెండు, సహజ గురి. రైఫిల్‌ను టార్గెట్ వైపు పెట్టి కళ్ళు మూసుకోండి. ఒళ్ళంతా వదులు చేసి రెండు మూడు సార్లు ఊపిరి తీసి వదలండి. కళ్ళు తెరిచినప్పుడు సైట్ ఎటు చూస్తోందో అదే మీ సహజ గురి. అది పక్కకు ఉంటే రైఫిల్‌ను చేత్తో నెట్టి సరిచేయకూడదు. మొత్తం శరీరాన్ని మోచేతి చుట్టూ కొద్దిగా తిప్పి సర్దుకోవాలి. బలవంతంగా నిలబెట్టిన గురి ట్రిగ్గర్ పడే క్షణంలో తన పాత చోటికి జారిపోతుంది.

మూడు, ఊపిరి. గాలి వదిలాక మళ్ళీ పీల్చేలోపు సహజంగా ఒక విరామం వస్తుంది. షాట్ ఆ విరామంలో పోవాలి. ఎనిమిది, పది సెకన్లు దాటితే చూపు మసకబారుతుంది, చేయి వణకడం మొదలవుతుంది. అప్పుడు మొండిగా కొట్టకుండా రైఫిల్ దించి మళ్ళీ మొదలుపెట్టాలి. షాట్‌ను వదులుకోవడం కూడా నేర్చుకోవలసిన నైపుణ్యమే.

నాలుగు, ట్రిగ్గర్. నిద్రపోతున్న చంటిపిల్ల లేవకుండా తలుపు గడియ తీసినంత నెమ్మదిగా వేలు వెనక్కి రావాలి. వేలు ఒక్కటే కదలాలి, అరచేయి బిగుసుకోకూడదు. సైట్ సరిగ్గా మధ్యకు వచ్చిందని గబుక్కున లాగితే ఆ లాగుడే రైఫిల్‌ను తిప్పేస్తుంది.

ఐదు, ఫాలో త్రూ. ట్రిగ్గర్ పడిన తర్వాత కూడా బుల్లెట్ కొన్ని మిల్లీసెకన్లు బ్యారెల్ లోపలే ఉంటుంది. ఆ లోపు తల ఎత్తినా, పట్టు వదిలినా దాని దారి మారిపోతుంది. షాట్ అయ్యాక ఒకటి రెండు సెకన్లు అలాగే ఉండి సైట్‌లోంచే చూస్తూ ఉండాలి. పని అయిపోయిందని మనసు ముందే లేచిపోవడం చాలా గ్రూపుల్ని పాడుచేసే అలవాటు.

తప్పు ఎవరిదో ముందే చెప్పండి

మంచి షూటర్ ట్రిగ్గర్ పడగానే, మానిటర్ చూడకముందే, షాట్ ఎక్కడ పడిందో తనకు తాను చెప్పుకుంటాడు. "తొమ్మిది, మూడు గంటల వైపు," అంటే తొమ్మిది పాయింట్ల వలయంలో, గడియారంలో మూడు అంకె ఉండే కుడివైపు. దీన్ని షాట్ కాల్ చేయడం అంటారు. నా దృష్టిలో ఈ క్రీడ నేర్పే అతి విలువైన అలవాటు ఇదే. ఎందుకంటే తప్పుకు మూలాలు మూడు ఉంటాయి: నేను, నా సామగ్రి, గాలి. షాట్ కాల్ చేయకపోతే ఈ మూడూ కలగాపులగమైపోతాయి.

తొమ్మిది అని చెప్పిన చోటే తొమ్మిది పడితే తప్పు నాదే, సైట్ జోలికి పోనక్కర్లేదు. శుభ్రమైన పది అనుకున్నది పదే పదే ఎడమకు పడుతుంటే నేను సరిగ్గానే కొట్టాను, సైటో గాలో మారింది. అప్పుడు దిద్దాలి.

సామగ్రి తప్పును వేరు చేయాలంటే మనిషిని పక్కన పెట్టి చూడాలి. 1860లో వింబుల్డన్‌లో బ్రిటన్ జాతీయ రైఫిల్ సంఘం మొదటి పోటీలను విక్టోరియా రాణి ఒక షాట్‌తో ప్రారంభించింది. విట్‌వర్త్ రైఫిల్‌ను స్టాండ్‌కు బిగించి 400 గజాల టార్గెట్‌కు ముందే గురి కుదిర్చి ఉంచారు. రాణి ట్రిగ్గర్ లాగగానే బుల్లెట్ దాదాపు నడిమధ్యన తగిలింది. మనిషి వణుకు లేకపోతే రైఫిల్ ఏం చేయగలదో ఆ షాట్ చూపించింది. ఇవాళ ఎలీ, లాపువా లాంటి తూటా తయారీ సంస్థలు షూటర్ల రైఫిళ్ళను ఇలాగే బిగించి, వేర్వేరు బ్యాచ్‌ల తూటాలు పేల్చి, ఏ బ్యాచ్ గ్రూపు అన్నిటికన్నా చిన్నదో చూసి ఎంచుకోనిస్తాయి. బ్రాండు ఒకటే అయినా, పెట్టె మీద ముద్ర ఒకటే అయినా బ్యాచ్ మారితే గ్రూపు మారుతుంది.

ఇక గాలి. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో నేరుగా అడ్డంగా వీస్తే పాయింట్ 22 బుల్లెట్ 50 మీటర్లలోనే రెండు సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. 1000 గజాల పోటీ బుల్లెట్ రెండు మీటర్లు దాటి జరుగుతుంది. వింబుల్డన్‌లో మొదలైన ఆ పోటీలు 1890 నుంచి ఇంగ్లండ్‌లోని బిస్లీలో జరుగుతున్నాయి. అక్కడ అత్యున్నత పోటీ చివరి అంచె 900, 1000 గజాల దూరాలది. షూటర్ జెండాల ఊపు చూస్తాడు, దుర్భిణిలో ఎండమావి ఎటు పారుతోందో చూస్తాడు, ఆ తర్వాతే సైట్ తిప్పుతాడు. ఇక్కడ షాట్‌కు షాట్‌కు మధ్య దిద్దుబాటు తప్పనిసరి. అయినా అది పోయిన ఫలితం చూసి భయంతో చేసే మార్పు కాదు, రాబోయే పరిస్థితిని చదివి చేసే మార్పు. 1930లో మార్జరీ ఫోస్టర్ ఆ పోటీలో కింగ్స్ ప్రైజ్ గెలిచి, దాన్ని అందుకున్న తొలి మహిళగా నిలిచారు. ఎండమావిని చదవడానికి, ఊపిరి నిలపడానికి కండబలంతో పనిలేదు.

రెండు ఒలింపిక్ పాఠాలు

2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచారు. వ్యక్తిగత విభాగంలో భారత్‌కు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. క్వాలిఫికేషన్‌లో 596తో నాలుగో స్థానంలో ఉన్న ఆయన, ఫైనల్ ముందు సర్దుబాటు షాట్లలో తన రైఫిల్ గురి మారిపోయిందని గమనించారు. తన పద్ధతి మీద ఆయనకు అనుమానం లేదు కాబట్టే తేడా సైట్‌లో ఉందని వెంటనే తేల్చుకుని సరిచేసుకోగలిగారు. నిలకడ ఉన్నవారికే ఇలా వెంటనే దిద్దుకునే ధైర్యం ఉంటుంది. ఆ ఫైనల్‌లో ఆయన పది షాట్లలో అన్నిటికన్నా తక్కువది 10.0, అన్నిటికన్నా ఎక్కువది చివరిగా కొట్టిన 10.8. ఒక్కటీ పది లోపు పడలేదు. మొత్తం 700.5. తొమ్మిది షాట్ల తర్వాత ఆయనతో సమానంగా ఉన్న ఫిన్లాండ్ షూటర్ హెన్రీ హాకినెన్ చివరి షాట్ 9.7 కొట్టి కాంస్యంతో సరిపెట్టుకున్నారు. నాలుగేళ్ళ తర్వాత లండన్‌లో ఇదే పోటీలో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో కాంస్యం తెచ్చారు. 50 మీటర్ల మూడు పొజిషన్ల పోటీలో 2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం గెలిచారు.

రెండో పాఠం అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్‌ది. 2004 ఏథెన్స్‌లో ఆయన అరువు తెచ్చుకున్న రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్‌లో స్వర్ణం గెలిచారు. పద్ధతి గట్టిదైతే రైఫిల్ మారినా గ్రూపు నిలుస్తుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? అదే ఒలింపిక్స్‌లో మూడు పొజిషన్ల ఫైనల్‌లో ఒక్క షాట్ మిగిలి ఉండగా మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. చివరి షాట్ పక్క లేన్ టార్గెట్ మీద కొట్టారు. ఆ షాట్‌కు సున్నా వచ్చి ఎనిమిదో స్థానానికి పడిపోయారు. 2008లో అదే పోటీలో స్వర్ణం అందే దశలో చివరి షాట్ 4.4 పడింది. అయినా ఆయన రైఫిల్ వదల్లేదు. 2012 లండన్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచారు.

ఏథెన్స్ షాట్ చెప్పేది ఒకటే: మీ వరుసలో మొదటి మెట్టు "ఇది నా టార్గెట్టేనా?" అన్న ప్రశ్న కావాలి. పక్కవాడి కొలువు, పక్కింటి అబ్బాయి ర్యాంకు, బంధువుల మెప్పు, ఇవి పక్క లేన్ టార్గెట్లు. వాటి మధ్యలో ఎంత చక్కగా కొట్టినా మీ ఖాతాలో చేరదు.

ఈ నెల సాధన

షూటింగ్ నేర్చుకునేవారు రైఫిల్ క్లబ్‌లో, కోచ్ సమక్షంలో, లైసెన్సు నిబంధనలకు లోబడి మాత్రమే సాధన చేయాలి. బ్యారెల్ ఎప్పుడూ సురక్షితమైన దిశలోనే ఉండాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. ఏ రైఫిల్‌నైనా లోడ్ అయి ఉన్నట్టే చూడాలి. ఈ మూడూ పాటించనివారికి మిగతా పాఠాలు అనవసరం.

1. రోజూ పదిహేను నిమిషాలు డ్రై ప్రాక్టీస్ చేయండి. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తూటాలు ఆ గదిలోనే లేకుండా చేసి, గోడ మీద నల్లచుక్కకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కండి. శబ్దం, కుదుపు లేకపోతే మీ వేలు చేసే తప్పు స్పష్టంగా కనిపిస్తుంది.

2. రేంజ్‌లో మొదటి పది షాట్లకు సైట్ ముట్టుకోకండి. గ్రూపు వెడల్పు కొలిచి తేదీతో రాసుకోండి. స్కోరు రాయకండి.

3. ప్రతి షాట్‌నూ కాల్ చేసి, అసలు పడిన చోటుతో పోల్చి డైరీలో రాయండి. గాలి, వెలుతురు, తూటా బ్యాచ్ కూడా రాయండి.

4. ఒకసారి ఒక్క మార్పే చేయండి. స్లింగ్, తూటా, పొజిషన్ మూడూ ఒకే రోజు మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

రైఫిల్ పట్టని పాఠకులకు కూడా ఇవే నాలుగు పనులు. ఒక పనిని ఎంచుకుని దాని వరుసను కాగితం మీద రాసుకోండి. నెల రోజులు దాన్ని మార్చకండి. ఇంటర్వ్యూ నుంచో పరీక్ష నుంచో బయటికి రాగానే, ఫలితం రాకముందే, ఎలా చేశారో మీ అంచనా రాసి పెట్టుకోండి. ఫలితం వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అంచనా సరిపోయిందంటే మీకు మీ పని తెలుసు, లోపం ఎక్కడ దిద్దాలో కూడా తెలుసు. అంచనా ప్రతిసారీ తప్పుతుంటే ముందు దిద్దాల్సింది ఆ అంచనానే.

నిలకడ సంపాదించినవారికి దిద్దుబాటు చిన్న పని. నిలకడ లేనివారికి ఎన్ని దిద్దుబాట్లైనా చాలవు. కాబట్టి ఈ నెల మీ స్కోరు ఎంతని ఎవరు అడిగినా పట్టించుకోకండి. మీ గ్రూపు పోయిన వారం కన్నా చిన్నదైందా అని మీకు మీరే అడగండి. ఆ జవాబు అవునైతే మీరు సరైన దారిలోనే ఉన్నారు.